జెనోవియా పార్లమెంటులో రాణి పెళ్ళి

ఈ నెల గోడపత్రికకు 'సభ' అనే అంశం ఇచ్చారు. మా క్లాసులో సగంమంది కౌరవసభ తీసుకున్నారు, ఇద్దరు భువనవిజయం తీసుకున్నారు. నా వంతు వచ్చేసరికి నేను "జెనోవియా పార్లమెంటు" అన్నాను. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని "అది ఏ ఖండంలో ఉందమ్మా?" అని అడిగారు. ఏ ఖండంలోనూ లేదు మేడమ్, కథలో ఉంది అన్నాను. క్లాసంతా నవ్వింది. "సరే, రాసి చూపించు, బాగుంటే పెడదాం" అన్నారు. మీరిది గోడ మీద చదువుతున్నారంటే ఆవిడ ఒప్పుకున్నట్టే.

జెనోవియా ఒక చిన్న రాజ్యం. మెగ్ కాబట్ అనే అమెరికన్ రచయిత్రి 2000లో మొదలుపెట్టిన 'ద ప్రిన్సెస్ డైరీస్' నవలల కోసం దాన్ని పుట్టించింది. నవలల్లో అది ఫ్రాన్సుకీ ఇటలీకీ మధ్య ఉంటుంది. సినిమాకి వచ్చేసరికి ఫ్రాన్సుకీ స్పెయిన్‌కీ మధ్యకి జరిగింది. ఊహల్లోని దేశం కాబట్టి సరిహద్దు తగాదా రాలేదు! 2001లో మొదటి సినిమా, 2004లో రెండోది వచ్చాయి. నేను చెప్పబోయేది ముఖ్యంగా రెండోదాని గురించి.

ఎనిమిదో తరగతిలో చూసినప్పుడు నాకు అందులో నికొలస్ అనే అందమైన అబ్బాయి తప్ప ఏమీ కనపడలేదు. మొన్న సెలవుల్లో మళ్ళీ చూస్తే ఆ అబ్బాయి పక్కకి పోయాడు, వాళ్ళ పార్లమెంటు కనపడింది. పొలిటికల్ సైన్స్ చదవడం వల్ల వచ్చిన నష్టం ఇది.

కథ టూకీగా. మియా అమెరికాలో మామూలు పిల్లగా పెరిగింది. తాను జెనోవియా రాజవంశంలో పుట్టానని మొదటి సినిమాలో తెలుసుకుంటుంది. రెండో సినిమాలో డిగ్రీ పూర్తిచేసి, ఇరవై ఒకటో ఏట జెనోవియా వస్తుంది. నాయనమ్మ క్లారిస్ రాణిగా ఉంది, ఆవిడ దిగిపోయి మనవరాలికి కిరీటం ఇవ్వాలని ఏర్పాటు. ఇంతలో మేబ్రీ అనే ప్రభువు పార్లమెంటులో లేచి ఒక పాత చట్టం బయటికి తీస్తాడు. పెళ్ళికాని ఆడది జెనోవియా సింహాసనం ఎక్కకూడదు అన్నది ఆ చట్టం. మియా కాకపోతే కిరీటం తన మేనల్లుడు నికొలస్‌కి వస్తుందని అతని లెక్క. సభ ముప్పై రోజుల గడువు పెడుతుంది. ఆలోపల మియాకి పెళ్ళి కావాలి, లేదా ఆశ వదులుకోవాలి.

నికొలస్‌కీ పెళ్ళి కాలేదు. అతన్ని ఆ సంగతి ఎవరూ అడగరు. మగవాళ్ళకి ఆ షరతు లేదు మరి.

ఇక్కడ సినిమా ఆపి కాసేపు కూర్చున్నాను. నాకు అర్థం కానిది ఏమిటంటే, క్లారిస్ రాణి కదా, ఒక్క మాటతో ఆ చట్టాన్ని కొట్టెయ్యలేదా? కొట్టెయ్యలేదు. అదే రాజ్యాంగబద్ధ రాచరికం అంటే. కిరీటం రాణి తల మీద ఉంటుంది, చట్టం సభ చేతిలో ఉంటుంది. ఇంగ్లండు గురించి 1867లో పుస్తకం రాసిన వాల్టర్ బేజట్ అలాంటి రాజుకి మూడే హక్కులున్నాయని లెక్కకట్టాడు: మంత్రులు తనని సంప్రదించడం, తాను వాళ్ళని ప్రోత్సహించడం, హెచ్చరించడం. క్లారిస్ ఆ సభలో అభ్యంతరం చెబుతుంది, వాదిస్తుంది. అంతకుమించి ఆమె చేయగలిగింది లేదు. అంతటి రాణి కూడా సభ ముందు అర్జీదారే.

మన మాటల్లోనే ఈ మార్పు దాగి ఉంది. 'శాసనం' అంటే ఒకప్పుడు రాజు రాతి మీదో రాగి రేకు మీదో చెక్కించినది. ఇప్పుడు అదే మాట సభకి అంటుకుని 'శాసనసభ' అయింది. రాజు చేతిలోని మాట సభ చేతికి వెళ్ళిపోయింది. మా ఇంట్లో తమిళం కూడా నడుస్తుంది కాబట్టి ఇంకో మాట చెబుతాను. పార్లమెంటుని తమిళంలో 'నాడాళుమన్రం' అంటారు. నాడుని ఏలే సభ. ఎవరు ఏలుతున్నారన్న సందేహమే లేకుండా పేరు పెట్టారు. జెనోవియావాళ్ళకి ఈ మాట సరిగ్గా సరిపోతుంది.

మరి ఆ సభలో ఎవరున్నారు? ఇది చూడటానికే రెండోసారి ఆ సీన్లు వెనక్కి తిప్పి చూశాను. బిరుదులున్న పెద్దమనుషులు, అందరూ మగవాళ్ళు. వాళ్ళని ఎవరు ఎన్నుకున్నారో, అసలు ఎన్నుకున్నారో లేదో, ఎన్నికల మాట నాకెక్కడా వినపడలేదు. ఒక అమ్మాయి పెళ్ళి గురించి సభ గంభీరంగా చర్చిస్తుంటుంది. ఆ అమ్మాయి సభలో లేదు. అనుకోకుండా అటువైపు వచ్చి, చాటుగా నిలబడి, తన గురించి జరుగుతున్న చర్చ తానే వింటుంది.

ఈ సీను నాకు కొత్త కాదు. పోయిన పొంగల్ సెలవుల్లో మా ఇంటి హాల్లో తాతయ్య, పెదనాన్న, చిన్నాన్న, ఇద్దరు మామయ్యలు కూర్చుని మా అక్క పెళ్ళి మాట్లాడారు. అక్కా నేనూ వంటింట్లో కాఫీ వడపోస్తూ తలుపు వెనక నుంచి విన్నాం. తాతయ్య "శ్రావణం లోపల అయిపోవాలి" అన్నారు. చిన్నాన్న "ఆవణి లోపల" అన్నాడు. ఒకటి తెలుగు నెల, ఒకటి తమిళ నెల, రెండింటికీ కొన్ని రోజులు తేడా. ఆ రోజు అక్కకి దొరికిన వాయిదా అంతే. ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, మేబ్రీలాంటివాళ్ళు అసలే కాదు. కానీ గడువు మాత్రం పెట్టారు.

సరే, జెనోవియాకి వద్దాం. ఇదంతా సినిమా కోసం అల్లిన కట్టుకథ, నిజం దేశాల్లో పార్లమెంట్లు రాజుల పెళ్ళిళ్ళలో తల దూరుస్తాయా అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకుని వెతికాను. దూరుస్తాయి.

బ్రిటన్‌లో 1772లో రాజవివాహాల చట్టం చేశారు. రెండో జార్జి వంశంలో పుట్టినవాళ్ళు, కొద్దిమంది మినహా, రాజు అనుమతి లేకుండా పెళ్ళి చేసుకుంటే అది చెల్లదు. ఇరవై అయిదేళ్ళు దాటితే ఇంకో దారి ఉంది. ప్రివీ కౌన్సిల్‌కి నోటీసు ఇచ్చి పన్నెండు నెలలు ఆగాలి, ఆలోపల పార్లమెంటు ఉభయసభలూ కాదనకపోతే చేసుకోవచ్చు. రెండో ఎలిజబెత్ చెల్లెలు మార్గరెట్ విడాకులు తీసుకున్న పీటర్ టౌన్‌సెండ్‌ని పెళ్ళాడాలనుకుంది. 1955 ఆగస్టులో ఆమెకి ఇరవై అయిదు నిండాయి, అక్టోబరు 31న ఆ పెళ్ళి చేసుకోవడం లేదని ప్రకటించింది. 1772 నాటి ఆ చట్టం ఎప్పుడు పోయిందనుకున్నారు? 2013లో కొత్త చట్టం చేస్తే అది 2015 మార్చిలో అమల్లోకి వచ్చింది, అప్పుడు! ఇప్పటికీ వారసత్వ వరుసలో మొదటి ఆరుగురు రాజు అనుమతి అడగాలి. తమ్ముడు పుడితే అక్క వెనక్కి జరగాలన్న పద్ధతి పోయింది కూడా ఈ కొత్త చట్టంతోనే. అదీ 2011 అక్టోబరు 28 తర్వాత పుట్టినవాళ్ళకే.

నెదర్లాండ్స్‌లో అయితే రాజ్యాంగంలోనే రాసుకున్నారు. వారసత్వ వరుసలో ఉన్నవాళ్ళు పార్లమెంటు చట్టం ద్వారా సమ్మతి పొందకుండా పెళ్ళి చేసుకుంటే ఆ వరుసలోంచి తప్పుకున్నట్టే. ఇప్పటి రాజు విలెమ్ అలెగ్జాండర్ పెళ్ళికి 2001లో సమ్మతి దొరికింది. ఆయన తమ్ముడు ఫ్రీసో పెళ్ళికి ప్రభుత్వం బిల్లే పెట్టనంది. 2004లో ఆయన తనకి నచ్చిన అమ్మాయినే చేసుకుని సింహాసనం మీద హక్కు వదులుకున్నాడు. సరిగ్గా మియా సినిమా వచ్చిన ఏడాది. దర్శకుడు గ్యారీ మార్షల్‌కి అది తెలిసి ఉండాల్సిన పని లేదనుకోండి, నాకు మాత్రం భలే సరదాగా అనిపించింది.

తేడా కూడా చెప్పాలి. నెదర్లాండ్స్ నిబంధన ఆడా మగా ఇద్దరికీ ఒకటే. జెనోవియా చట్టం ఆడపిల్లకి మాత్రమే. మనవైపు చూస్తే రుద్రమదేవి కాలంలో అలాంటి రాతకోతల చట్టం ఏదీ అక్కర్లేకపోయింది. గణపతిదేవుడు కూతురికి రాజ్యం ఇచ్చాడు, ఆమె శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో కనిపిస్తుంది. జెనోవియా 'పెళ్ళికూతురివై రా' అంటే, పదమూడో శతాబ్దపు ఓరుగల్లు మగపేరు పెట్టుకుని వచ్చిన ఆడమనిషిని చూసింది. ఊరికే రాణివై రా అన్నవాళ్ళు ఇద్దరిలో ఎవరూ లేరు.

ఇక పెళ్ళి రోజు. మియా ముందు ఆండ్రూ అనే మంచి అబ్బాయితో నిశ్చయం చేసుకుంటుంది. ఇద్దరికీ ప్రేమ లేదని ఇద్దరికీ తెలుసు. మధ్యలో జరిగే గొడవలన్నీ వదిలేస్తున్నాను, అవి మీరే చూసుకోండి. చివరికి చర్చిలో, పార్లమెంటు సభ్యులంతా అతిథులుగా కూర్చుని ఉండగా, మియా పెళ్ళి చేసుకోనని చెప్పి సభ్యులవైపు తిరిగి మాట్లాడుతుంది. మీ ఇంట్లో ఆడవాళ్ళని, మీ కూతుళ్ళని, చెల్లెళ్ళని, మేనకోడళ్ళని ఒక్కసారి తలుచుకోండి, నన్ను చేయమంటున్నది వాళ్ళని చేయమంటారా అని అడుగుతుంది. ఆ చట్టం రద్దు చేయాలంటుంది. మేబ్రీ మళ్ళీ నికొలస్ పేరు ఎత్తుతాడు, నికొలస్ వచ్చి నాకు కిరీటం వద్దంటాడు. అక్కడికక్కడే ఓటు, అందరూ సరేనంటారు, చట్టం పోయింది. పూలు వాడిపోకముందే క్లారిస్ తనని ఎంతోకాలంగా కాపాడుతూ వచ్చిన జోని అదే చర్చిలో పెళ్ళి చేసుకుంటుంది. రాణిగారి పెళ్ళికి మాత్రం ఎవరూ గడువు పెట్టలేదు, అందుకే చూడటానికి అంత బాగుంది.

మా పొలిటికల్ సైన్స్ నోట్స్ పక్కన పెట్టుకుని చూస్తే ఈ ఓటు మీద నాకు చాలా అనుమానాలు ఉన్నాయి. చర్చిలో కూర్చుంటే సభ కూర్చున్నట్టేనా? స్పీకరు ఎక్కడ? కోరం ఉందా? మన రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం సభ జరగాలంటే మొత్తం సభ్యుల్లో పదోవంతయినా హాజరు కావాలి, లోక్‌సభకి అది 55 మంది. బిల్లు ఏది, దాని మీద చర్చ ఏది? జరిగింది మూజువాణీ ఓటు, అంటే నోటితో అవునంటే అవును. ఇంత తేలిగ్గా పోయే చట్టమైతే ముప్పై రోజుల ముందే అదే సభలో క్లారిస్ అడిగినప్పుడు ఎందుకు పోలేదు?

ఎందుకంటే అప్పుడు వాళ్ళకి పోగొట్టుకునేది ఏమీ లేదు. ఇది నా అభిప్రాయం, మేడమ్ ఒప్పుకోకపోవచ్చు. ఆ చట్టం వల్ల ఆ సభలో ఏ ఒక్కరి జీవితమూ అంగుళం కదలదు. కాబట్టి అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎవరో ఒకరు వాళ్ళ కూతురి ముఖం గుర్తుచేసేదాకా ఆగాల్సి వచ్చింది.

నన్ను గుచ్చింది ఆ ప్రసంగమే. అందరూ కళ్ళు తుడుచుకునే చోట నాకు కోపం వచ్చింది. మీ కూతురనుకోండి, మీ చెల్లెలనుకోండి అని ఎందుకు అడుక్కోవాలి? కూతురూ చెల్లెలూ లేనివాడు ఏం చేయాలి? ఇదే గోడ మీద పక్కన మా స్నేహితురాళ్ళు రాసిన కౌరవసభ చూడండి. నన్నయగారు తెనిగించిన సభాపర్వంలో ద్రౌపది వాళ్ళ జాలిని నమ్ముకోలేదు. ఒక న్యాయం అడిగింది. ధర్మరాజు ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా? తనని తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? అది మనసు కరిగించే ప్రశ్న కాదు, జవాబు చెప్పి తీరాల్సిన ప్రశ్న. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పించుకున్నాడు. వికర్ణుడు ఒక్కడు లేచి ఆమె మాట నిజమన్నాడు, విదురుడు సమాధానం చెప్పమని సభని హెచ్చరించాడు. సరైన ప్రశ్న అడిగిన ద్రౌపదికి సభ జవాబివ్వలేదు. జాలి అడిగిన మియాకి సభ అంతా సరేనంది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకింకా తేలడం లేదు. మియా తెలివితక్కువది కాదు. ఎదురుగా ఉన్నవాళ్ళు ఏ మాటకి కదులుతారో ఆ మాటే ఎంచుకుంది. ఓటు లేనిదానికి ఉన్న ఆయుధం అదొక్కటే.

మా అక్క మాత్రం ద్రౌపది దారి పట్టింది. కాఫీ గ్లాసులు ఇస్తూ, గట్టిగా కూడా కాదు, "నా ఆఖరి పరీక్షలు ఏ నెలలోనో ఎవరికైనా తెలుసా తాతయ్యా?" అంది. హాల్లో ఎవరికీ తెలియదు. మామయ్య ఫ్యాన్ వైపు చూశాడు. తాతయ్య ఆ సాయంత్రం ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే ఆమెని పిలిచి టైంటేబుల్ కాగితం తెమ్మని, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. శ్రావణం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎప్పటికీ ఎత్తరని నేను అనడం లేదు.

ఓటు లేనివాళ్ళు ఓటున్నవాళ్ళని ఒప్పించడం ఎంత కష్టమో లీక్టెన్‌స్టయిన్ చూపిస్తుంది. ఇది నిజం దేశం, జెనోవియాలాగే బుల్లి రాచరికం. ఆడవాళ్ళకి ఓటు ఇవ్వాలా వద్దా అని 1971లో ప్రజాభిప్రాయం అడిగారు. అడిగింది మగవాళ్ళని, ఎందుకంటే ఓటు వాళ్ళకే ఉంది. వద్దన్నారు. 1973లో మళ్ళీ అడిగారు, మళ్ళీ వద్దన్నారు. 1984లో 51.3 శాతంతో అవునన్నారు, అంచు మీద గెలిచినట్టు. 1986లో వాళ్ళ పార్లమెంటులో మొదటి మహిళ కూర్చుంది. సింహాసనం ఇప్పటికీ మగవాళ్ళకే. ఇవన్నీ మన పెద్దమ్మల కాలంలో, ఐరోపా నడిబొడ్డున జరిగినవి. మనం నవ్వుకోవడానికి మాత్రం లేదు. చట్టసభల్లో ఆడవాళ్ళకి మూడోవంతు సీట్లు అన్న బిల్లు మన పార్లమెంటుకి మొదట వచ్చింది 1996లో. 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని ఆ చట్టంలోనే ఉంది. ఇరవై ఏడేళ్ళకి బిల్లు గట్టెక్కింది. జెనోవియాలో పెళ్ళి విందు వేళకే అన్నీ అయిపోయాయి.

జెనోవియా కథలో నాకు అసలు నచ్చిన మార్పు పట్టాభిషేకం తర్వాత, ఆఖర్లో వస్తుంది. ఇకమీదట పార్లమెంటులో ఆడవాళ్ళు కూడా సభ్యులు కావచ్చని చూపిస్తారు. క్లారిస్ దగ్గర పనిచేసే షార్లట్ సభ్యురాలవుతుంది. సినిమా పొడుగునా ఆమె ఫైళ్ళు పట్టుకుని రాణి వెనక నడుస్తుంది. రాజ్యం ఎలా నడుస్తుందో ఆ పెద్దమనుషుల్లో చాలామందికంటే ఆమెకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. ఆ దృశ్యం కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుంది. పెళ్ళి బట్టలకి ఇచ్చినంత సమయం కూడా దీనికి ఇవ్వలేదు. ఈసారి అలాంటి చట్టం ఎవరైనా దులిపి తెస్తే షార్లట్ చేయెత్తి కాదనగలదు. ఎవరి కూతుర్నో గుర్తుచేయక్కర్లేదు.

నవలల్లో దారి వేరు, నాకు అదే ఎక్కువ ఇష్టం. తొమ్మిదో భాగంలో మియాకి పూర్వీకురాలి డైరీ ఒకటి దొరుకుతుంది. పదిహేడో శతాబ్దంలో అమెలీ అనే అమ్మాయి, మనకంటే చిన్నది, ప్లేగు రోజుల్లో కొద్దిరోజులు మాత్రమే రాజ్యం చేసి చనిపోతుంది. తన తర్వాత వచ్చే చిన్నాన్న ఎలాంటివాడో ఆమెకి తెలుసు. అందుకని పోయేముందు అధికారం ప్రజలకి దక్కేలా ఒక కాగితం మీద సంతకం పెడుతుంది. ఆ కాగితం బయటికి రాలేదు. వందల ఏళ్ళ తర్వాత మియా అది చదివి, వందలమంది ఆడవాళ్ళు కూర్చున్న ఒక సభలో ప్రసంగిస్తూ బయటపెడుతుంది. పదో భాగంలో జెనోవియాలో ఎన్నికలు వస్తాయి, మియా నాన్న ప్రధానమంత్రి పదవికి పోటీ చేయాల్సి వస్తుంది. సినిమాలో పాత కాగితం మేబ్రీ చేతికి దొరికింది, నవలలో మియా చేతికి.

'ఫరెవర్ ప్రిన్సెస్' అని 2009లో వచ్చిన పదో భాగం నా దగ్గర ఉంది, అట్ట కొంచెం ఊడింది, కావాలంటే అడగండి. తొమ్మిదోది స్కూల్లో ఉన్నప్పుడు ఒక సీనియర్ అక్క దగ్గర తీసుకుని చదివి ఇచ్చేశాను. మన లైబ్రరీలో వెతికాను, లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఈ కాగితం కింద పేరు రాయండి, నాకంటే ముందు మా అక్క అడుగుతోంది, పరీక్షలయ్యాక చదువుతుందట.